అక్క నాడి

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరంలో మేం నలభై మందిమి. అందులో ముప్ఫై తొమ్మిది మందికి పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ళు. ఒకామెకు మాత్రం ముప్ఫై నాలుగు. మొదటిరోజు ఆమె తలుపు తోసుకుని లోపలికి వస్తే లెక్చరర్ అనుకుని అందరం లేచి నిలబడ్డాం. ఆమె కాస్త బిత్తరపోయి, "కూసోండ్రి, నేను సుత మీ లెక్కనే," అంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆ రోజు నుంచి క్లాసందరికీ ఆమె అక్క. ల్యాబ్‌లో ఇద్దరిద్దర్ని జతలు వేసినప్పుడు పక్కపక్కన కూర్చున్నాం కదా అని మా ఇద్దరినీ ఒక జత చేశారు. నాకు ఆమె మిగతావాళ్ళకంటే దగ్గరైంది అందువల్లే.

ఆమెది లాలాగూడ. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్, ఉండేది క్వార్టర్స్‌లో. ఇంటర్ అయిపోగానే పెళ్ళి, ఆ మరుసటేడే కూతురు. ఆ కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల కాస్త పెద్దయ్యాక అక్క మల్కాజ్‌గిరిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఆరేళ్ళు పనిచేసింది. వేడినీళ్ళ సంచులు పెట్టడం, ముసలివాళ్ళను మంచం ఎక్కించడం, దించడం, దుప్పట్లు మార్చడం.

"నలుగురు పట్టుకొని తీసుకొస్తే వచ్చినోళ్ళు, ఆర్నెల్లకు చెప్పులేసుకొని వాళ్ళంతట వాళ్ళు నడిచి పోతుండిరి చెల్లె. చూసి చూసి, గీ పని నేను సుత నేర్చుకోవాలె అనిపిచ్చింది," అని ఓసారి చెప్పింది. ఇంట్లో ఒప్పించడానికి రెండేళ్ళు పట్టిందట. చివరికి భర్త సరేనన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఇంటిపని ఆగకూడదు, ఒక్క పరీక్ష తప్పినా చదువు అక్కడితో ఆఖరు.

నా సంగతి వేరు. మాది పద్మారావు నగర్. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ బట్టల వ్యాపారం పెట్టుకున్నారు. నాకు ఎంబీబీఎస్ సీటు రాక, ఏదో ఒకటి చదవాలి కదా అని చేరిన కోర్సు అది. మొదటి రెండు నెలలూ మొహం మాడ్చుకునే వెళ్ళొచ్చాను. ఫిజియాలజీ మీద నాకు ఇష్టం కలగడానికి కారణం అక్కే.

మా ఫిజియాలజీ సార్ పెద్దాయన. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు. గుండె ఒక పాఠం, ఊపిరితిత్తులు ఇంకో పాఠం, మూత్రపిండాలు మరో పాఠం అని విడివిడిగా చెప్పేవారు కాదు. ఏది చెప్పినా మిగతా వాటన్నిటినీ లాక్కొచ్చి ముడిపెట్టేవారు. ఇంగ్లీషు పుస్తకంలో నాలుగు పేజీలున్న సంగతి మాకు సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరిచాక అక్క అదే పాఠాన్ని మళ్ళీ చెప్పేది.

"కూసున్నదానివి నువ్వు దబ్బున లేసినవనుకో. నెత్తురంత కాళ్ళలకు దిగుతది. మెడల నరం పసిగడతది, నెత్తురు తక్కువొస్తున్నదని. పోయి మెదడుకు చెప్తది. మెదడేమో గుండెను జెర ఉరుకుమంటది. నాళాలను బిగుసుకొమ్మంటది. కిడ్నీ ఉన్నది చూడు, అది ఇగ ఉప్పు ఇడువది, నీళ్ళు ఇడువది, గట్టిగ పట్టుకొని కూసుంటది. ఒక్కదానికి తక్లీఫ్ అయితే అన్నీ లేసి నిలబడతయి. మనకు తెల్వను సుత తెల్వది. మనం బస్సుకు టైమైందని ఉరుకుతుంటం."

ఆమె చుట్టూ పదిమందిమి చేరేవాళ్ళం. ఆవకాయ అన్నం కలుపుకుంటూ రక్తపోటు గురించి విన్న రోజులవి. పరీక్షల్లో నేను రాసిన జవాబులు చాలావరకు ఆ మాటలకు ఇంగ్లీషు.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో వ్యాయామం ప్రాక్టికల్ వచ్చింది. అడుగు ఎత్తున్న చెక్కబల్ల మీదికి మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. ఆ తర్వాత జతలో రెండో మనిషి మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టి, స్టెతస్కోపుతో గుండె చప్పుడు కూడా లెక్కపెట్టి రికార్డులో రాయాలి. ముందు నేను ఎక్కి దిగాను, అక్క లెక్కపెట్టింది. అన్నీ సరిగ్గా వచ్చాయి. తర్వాత అక్క ఎక్కింది. నిమిషన్నర కాగానే ఆగిపోయి బల్ల అంచు పట్టుకుంది. పెదవులు నల్లబడ్డాయి. "చీర అడ్డమొస్తున్నది," అంది.

నేను మణికట్టు పట్టుకున్నాను. నాడి ఒకటి గట్టిగా తగిలింది, వెంటనే రెండు నీరసంగా, ఆ తర్వాత ఒకటి అసలు లేనే లేదు, మళ్ళీ మూడు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నిమిషానికి తొంభై ఆరు. స్టెతస్కోపు పెట్టి విన్నాను. నూట ముప్ఫై. గుండె నూట ముప్ఫై సార్లు కొట్టుకుంటే మణికట్టుకు తొంభై ఆరే ఎలా చేరతాయి? నేనే తప్పు లెక్కపెట్టాననుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే తేడా. ఇంతలో డెమాన్‌స్ట్రేటర్ గారు రికార్డులు పెట్టమని కేకేశారు.

"నీకు లెక్క రాదు, నాకు దమ్ము లేదు. పక్కోళ్ళది చూసి రాయి పో," అని అక్క నవ్వింది.

పక్క బ్యాచ్ అంకెలు చూసి రెండు చోట్లా ఒకే అంకె వేశాను. రికార్డు మీద సంతకం పడింది.

మూడు వారాల తర్వాత సార్ గుండె లయ తప్పడం గురించి పాఠం చెప్పారు. కవాటం ఇరుకైపోతే గుండె పై గది ఉబ్బుతుందనీ, ఆ గది సరిగ్గా ముడుచుకోక వణుకుతుందనీ, అప్పుడు గుండె కొట్టుకునే దెబ్బలన్నీ చేతిదాకా రావనీ, స్టెతస్కోపులో ఎక్కువ వినపడి మణికట్టు దగ్గర తక్కువ తగులుతాయనీ చెప్పారు. ఇంకో మాట కూడా అన్నారు. "శరీరం చాలా కాలం సర్దుకుంటుంది. ఒక అవయవం బలహీనపడితే మిగతావి ఆ బరువు మోస్తాయి. అందుకే మనిషికి తెలియదు. తెలిసేసరికి మోసేవన్నీ అలిసిపోయి ఉంటాయి."

నూట ముప్ఫై, తొంభై ఆరు. అక్క వైపు చూశాను. ఆమె తలెత్తకుండా నోట్సు రాసుకుంటోంది.

మా క్లాసు మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు విద్యార్థులకు లేదు. ఆ మధ్యాహ్నం మెట్ల మలుపు దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అటూ ఇటూ ఎవరూ లేరు.

"అక్కా, ఆ రోజు ల్యాబ్‌లో నేను లెక్క తప్పలేదు," అన్నాను.

"తెల్సు."

"తెలుసా మీకు?"

"నీకంటె ముందే సమజైంది చెల్లె. చిన్నప్పుడు గొంతునొప్పొచ్చి జ్వరమొచ్చింది నాకు. ఆ ఎంబడే మోకాళ్ళు, మోచేతులు వాచినయి. రెండు నెలలు మంచంల ఉన్న. అమ్మ ఏదో పసరు కట్టింది, తగ్గింది. గప్పుడే గుండెకు తాకినట్టుంది. ఇప్పుడైతే రెండు దిండ్లు లేంది పండుకోవస్తలేదు."

"రేపే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను అక్కా."

"పోత. పరీక్షలైనంక పోత. ఇప్పుడు ఇంట్ల తెలిస్తే మీ బావ సదువు బంద్ జెయ్యమంటడు. ఆయన తప్పు గాదు, భయపడతడు. దవాఖానంటే ఈ ఏడు పోతది. మళ్ళ నన్ను పంపేదెవ్వరు? రెండు నెలలే గద. ఇన్నేండ్లు ఆగింది, రెండు నెలలు ఆగదా?"

"అది కాదక్కా, మీకు ఏదైనా అయితే..."

"వద్దు. ఎవ్వరికి చెప్పద్దు. నా మీద ఒట్టు."

నాకు పంతొమ్మిదేళ్ళు. పెద్దామె నన్ను నమ్మి ఒక రహస్యం అప్పగించిందన్న గొప్ప కొంచెం. చెప్తే ఆమె చదువు నా వల్ల పోతుందన్న భయం ఎక్కువ. వీటన్నిటి కింద, పుస్తకంలో చదివింది నిజంగా మనకు తెలిసినవాళ్ళకు జరగదులే అన్న మొండితనం కూడా ఉండే ఉంటుంది. ఒకసారి సార్ కారిడార్‌లో ఆగి, "ఏమ్మా, నీ పార్ట్‌నర్‌కి ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగారు. "జలుబు చేసింది సార్," అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. చెప్పాల్సిన మనిషి ఎదురుగా వచ్చి అడిగిన రోజు అది. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు నేను.

ఆ రెండు నెలలూ మెట్ల మీద ఆమె బ్యాగు నేను మోశాను. అదే ఆమెకు చేస్తున్న సాయం అనుకున్నాను.

పరీక్షలకు తొమ్మిది రోజులుందనగా పొద్దున ఎనిమిదింటికి అక్క నంబరు నుంచి ఫోనొచ్చింది. ఎత్తితే వాళ్ళమ్మాయి.

"అక్కా, మమ్మీ మాట్లాడుతలేదు. డాడీకి టిఫిన్ కడుతుండె, డబ్బా చేతిలకెల్లి పడిపోయింది. నోరు ఒకదిక్కు పోయింది. నీతోని మాట్లాడుతదేమో అని చేసిన."

నేను ఆస్పత్రికి చేరేసరికి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద అక్క భర్త వర్క్‌షాపు చొక్కాతోనే కూర్చుని ఉన్నారు. ఆయన్ని అంతకుముందు ఒక్కసారే చూశాను. నన్ను చూసి లేచి నిలబడ్డారు, తెల్లకోటు చదువు చదివేదాన్ని కదా, ఏదైనా చెప్తానేమోనని.

అక్క ఒంటి లోపల ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వణికే గదిలో నెత్తురు నిలవుండి గడ్డ కట్టింది. ఆ గడ్డ గుండెలోంచి మెదడు ఎడమభాగానికి వెళ్ళింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. ఆ దారి మొత్తం పేర్లతో సహా నాకు కంఠతా వచ్చు. మూడు రోజుల ముందే క్యాంటీన్‌లో కూర్చుని ఆమే నాకు ఒప్పజెప్పించింది.

డాక్టర్ బయటికొచ్చి, ఈ జబ్బు చాలా ఏళ్ళ నుంచీ ఉండి ఉంటుందన్నారు. ముందే వచ్చుంటే నెత్తురు గడ్డ కట్టకుండా మందులిచ్చేవాళ్ళమనీ, కవాటం వెడల్పు చేసేవాళ్ళమనీ చెప్పి వెళ్ళిపోయారు. అక్క భర్త నా వైపు తిరిగారు.

"రోజంత నీతోనే ఉంటది గదమ్మా. నీకేమన్న చెప్పిందా? ఆయాసమని, నొప్పని?"

"లేదు బావగారూ," అన్నాను.

ఆ తొమ్మిది రోజులు ఎలా చదివానో నాకు గుర్తులేదు. ఫిజియాలజీ పేపరులో వ్యాయామం చేసేటప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఒకదానికొకటి ఎలా తోడ్పడతాయో రాయమన్నారు. రాశాను. ఎడమపక్క బెంచీ మీద ఆమె హాల్ టికెట్ నంబరు సుద్దతో రాసి ఉంది. బెంచీ ఖాళీ. పేపరు బాగా రాశానని నాకు తెలుసు. బయటికొచ్చి బస్టాపులో నిలబడి, రెండు బస్సులు వదిలేసి ఏడ్చాను.

అక్క ఇరవై రోజులకు ఇంటికొచ్చింది. సెలవుల్లోనూ, రెండో ఏడు మొదలయ్యాక కూడా వారానికి మూడు సాయంత్రాలు లాలాగూడ వెళ్ళేదాన్ని. మా సీనియర్ ఒకామెను అడిగి నేర్చుకుని అక్క చేతికి, కాలికి ఎక్సర్‌సైజులు చేయించేదాన్ని. ముడుచుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, నా అరచేతిలో చదును చేసి పట్టుకునేదాన్ని. వదలగానే మళ్ళీ ముడుచుకునేవి. కాలు కాస్త నయం. నాలుగో నెలకు గోడ పట్టుకుని వంటింటి గడపదాకా వెళ్ళింది. మాట మాత్రం రాలేదు. మిగిలింది ఒకే ఒక్క మాట, "వద్దు". అన్నం కావాలన్నా వద్దే. ఫ్యాను వెయ్యమన్నా వద్దే. కూతుర్ని పిలవాలన్నా, నన్ను చూసి నవ్వినా అదే. ఏది దేనికో గొంతు ఎత్తడం దించడం బట్టి మేం పోల్చుకునేవాళ్ళం. మెదడు దెబ్బతిన్నవాళ్ళకు అలా ఒక్క మాట మిగిలిపోవడం ఉంటుందని తర్వాత చదివాను. ఆమెకు అన్నిటిలోకీ ఆ మాటే ఎందుకు మిగలాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నాకు టీ పెట్టి ఇచ్చేవారు. "నీ రుణం ఎట్ల తీర్చుకుంటనో అమ్మా," అనేవారు ప్రతిసారీ. ఆ మాట మింగుడుపడేది కాదు నాకు. ఓ సాయంత్రం ఆయన టీ గ్లాసు అందిస్తూ అదే మాట మళ్ళీ అనేసరికి నా నోట్లోంచి వచ్చేసింది.

"బావగారూ, అక్క నాకు చెప్పింది. ఆయాసం సంగతి, చిన్నప్పటి జ్వరం సంగతి, అన్నీ చెప్పింది. ఆమె చెప్పకముందే నేను కనిపెట్టాను. పరీక్షలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఆస్పత్రిలో మీరడిగితే అబద్ధం చెప్పాను."

మంచం మీద అక్క ఒక్కసారిగా కదిలింది. ఎడమచెయ్యి గాలిలోకి ఎత్తి, "వద్దు, వద్దు, వద్దు," అంది. గొంతు పెరుగుతూ పోయింది. చెప్పొద్దని నన్ను ఆపుతోందో, నన్నేమీ అనొద్దని ఆయన్ని బతిమాలుతోందో నాకు తెలియలేదు. ఆమె గొంతును బట్టి అన్నీ పోల్చుకునేదాన్ని, ఆ ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తెలియదు.

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఒక్క మాట చెప్పద్దా అమ్మా? ఒక్క మాట. నాకు గాకపోతే మీ సార్‌కన్న," అన్నారు. మంచం వైపు తిరిగి, "చదువు బంద్ చేస్తనని భయపడ్డదా?" అని అడిగారు.

నేను తలూపాను.

"చేస్తుంటి," అన్నారు. "నిజమే. బంద్ చేపిస్తుంటి. బతికిచ్చుకుంటుంటి."

ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. అరవలేదు. నన్ను గేటుదాకా పంపి, "ఇగ రాకు బిడ్డా. నిన్ను చూస్తే అదే యాదికొస్తది. వేరే మనిషిని పెట్టుకుంటం," అని నెమ్మదిగా చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. అంతకుముందెప్పుడూ ఆయన నన్ను బిడ్డా అని పిలవలేదు.

నేను వెళ్ళలేదు. నా బదులు మా సీనియరే వెళ్ళేది. అక్క కర్ర పట్టుకుని వరండాదాకా నడుస్తోందనీ, మందులు సరిగా వేసుకుంటోందనీ, కవాటానికి ఆపరేషన్ తేదీ ఇచ్చారనీ ఆమె చెప్తే వినేదాన్ని. ఆ తేదీ రాకముందే మరుసటేడు వానలు మొదలయ్యాయి. అక్కకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. మామూలు మనిషికి వారంలో తగ్గిపోయేది. ఆమె ఊపిరితిత్తులు అప్పటికే ఎన్నో ఏళ్ళుగా గుండె బరువు మోస్తున్నాయి. నిమ్ము చేసి ఆస్పత్రిలో చేర్చిన ఐదో రోజున అక్క చనిపోయింది.

వాళ్ళమ్మాయే ఫోన్ చేసింది. "డాడీ నీకు చెప్పమన్నడక్కా," అంది. ఆ మాట పట్టుకుని వెళ్ళాను.

క్వార్టర్స్ ముందు షామియానా వేశారు. వర్క్‌షాపు వాళ్ళంతా వచ్చారు. ఆయన నన్ను చూసి, పక్కనున్న బంధువులతో, "ఆమెతోని సదువుకునే పిల్ల," అన్నారు. ఆ రోజు ఆయన నోట నా గురించి వచ్చిన మాట అదొక్కటే. ఆడవాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు. అక్క ముఖాన పసుపు రాశారు. ముడుచుకుపోయిన కుడిచెయ్యిని ఎవరో చీర కొంగు కింద దాచారు.

అంతా అయిపోయాక వచ్చేస్తుంటే ఆ అమ్మాయి నా వెనకే రోడ్డుదాకా వచ్చింది. తల తడిగా ఉంది, కళ్ళు వాచిపోయాయి. బస్టాపులో నా పక్కన నిలబడింది. తర్వాత అడిగింది.

"అక్కా, కాలేజీల మమ్మీ ఎట్లుండేది?"

నాకు ముందు అర్థం కాలేదు.

"ఇంట్ల ఎట్లుండేదో నాకు తెల్సు. కాలేజీల ఎట్లుండేదో నాకెవ్వరు చెప్పలే. డాడీకి సుత తెల్వదంట."

చెప్పాను. అనాటమీ క్లాసులో భోజనం తర్వాత కళ్ళు తెరుచుకునే నిద్రపోయేదని, పట్టుబడితే నోట్సులో ఎముక బొమ్మ చూపించి తప్పించుకునేదని చెప్పాను. ఫ్రెషర్స్ పార్టీలో డాన్సు చెయ్యమంటే చెయ్యనని దాక్కుని, చివరికి అందరికంటే ఎక్కువసేపు చేసిందని చెప్పాను. ఇంగ్లీషులో మాట్లాడమన్న మేడంతో, "మేడం, హార్ట్ ఈజ్ ఇన్ తెలుగు," అనేసిందని, ఆ మేడం కూడా నవ్వాపుకోలేకపోయిందని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఇంకా?" అంది.

నేనెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ మా ఇద్దరి వైపూ చూశాడు. నేను కదలకపోయేసరికి ఈల వేశాడు. బస్సు వెళ్ళిపోయింది. నేను ఇంకా చెప్పాను.